ఎడారి దాకా పోయిన పీరు

నేను కాలేజీ పిల్లలకు విదేశాంగ విధానం చెప్పి బతికినవాణ్ని. విదేశం మాత్రం ఎన్నడూ చూడలేదు. ఆదిలాబాద్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో పెన్‌గంగ వంతెన దాటి, అవతల మరాఠీ బోర్డుల కింద కూర్చుని చాయ తాగి రావడమే నా అంతర్జాతీయ అనుభవం. రిటైరయ్యాక పదవి పోయింది గాని విరమణ దొరకలేదు. కరీంనగర్‌లో గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలకు పాఠం చెప్పమని ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు పిలిచారు. ఇంట్లో కూర్చుని భార్యకు పాఠం చెప్పబోయి గుణపాఠం నేర్చుకోవడం కంటే అదే మేలని పోతున్నాను.

ఆ రోజు పాఠం 'విదేశాంగ విధానాన్ని నిర్ణయించే అంశాలు'. భౌగోళిక స్థితి, చరిత్ర, ఆర్థిక అవసరాలు, సైన్యం అన్నీ అయిపోయి చిట్టచివరి అంశానికి వచ్చాను: దేశంలోని జాతుల, సంస్కృతుల వైవిధ్యం. దీనికి నా దగ్గర మొదటి నుంచీ రెండే వాక్యాలున్నాయి. ఆదిలాబాద్ కాలేజీలో ఇదే పాఠానికి గోండి, మరాఠీ, ఉర్దూ, లంబాడీ, తెలుగు అన్ని భాషల్లోనూ ఆవలింతలు వచ్చేవి. కళ్ల ముందు అంత వైవిధ్యాన్ని కూర్చోబెట్టుకుని, ఆ రెండు వాక్యాలూ చదివి, "ఇది చదువుకుంటే మీకే అర్థమవుతుంది, కావాలంటే ఛాయిస్‌లో వదిలేయండి" అనేవాణ్ని. మా పంతుళ్ల భాషలో "మీకే అర్థమవుతుంది" అంటే మాకు కాలేదని అర్థం.

సరిగ్గా "ఛాయిస్‌లో" అన్న దగ్గర జేబులో ఫోన్ వణికింది. మా ఆవిడ. నేను క్లాసులో ఉండగా ఆమె ఫోన్ చేయదు. కట్ చేశాను. మళ్లీ మోగింది. వరండాలోకి వచ్చి ఎత్తాను.

"ఇగో, ఇంటున్నవా? తమ్మున్ని పోలీసోళ్లు పట్కపోయిండ్రంట."

"ఏ పోలీసులు?"

"గాడి పోలీసులు. దుబాయి పోలీసులు."

మా వైపు గల్ఫ్‌లో ఏ దేశానికి పోయినా దుబాయి పోయిండనే అంటారు. ఆ లెక్కన మా బామ్మర్ది కూడా ఏండ్లుగా 'దుబాయి'లోనే ఉన్నాడు. ఒక పెద్ద కట్టడం దగ్గర క్రేన్ నడుపుతాడు. మాట పెళుసు, మనసు బెల్లం. చీమను తొక్కితే చీమకే సారీ చెప్పే రకం.

"ఏం జేసిండట?"

"పీరు ఎత్తిండంట."

నేను నవ్వాను. నమ్మండి, నవ్వే వచ్చింది. పిడుగు పడినప్పుడు కొందరు ఏడుస్తారు, కొందరు కూలబడతారు. నాలాంటి వాళ్లకు ముందు నవ్వొస్తుంది, తర్వాత సంగతి అర్థమవుతుంది. వరండా గోడ పట్టుకుని నిలబడ్డాను. లోపల పిల్లలు ఆ చివరి అంశం మీద గీత కొట్టి పేజీ తిప్పిన చప్పుడు వినిపించింది.

పీరు ఎత్తితే పోలీసులు పట్టుకోవడమేమిటి? చొప్పదండి దగ్గర మా అత్తగారి ఊళ్లో పీరీల పండుగ అంటే ఊరందరి పండుగ. మొహర్రం నెలలో పీరీల కొట్టంలోని పెట్టె తెరిచి, అమరులైన పెద్దల గుర్తుగా నిలిపే వెండి పీరీలను కడిగి, రంగుల గుడ్డలు చుట్టి నిలబెడతారు. కొట్టం ముందు అలావా గుండంలో మంట. మొక్కుకున్నవాళ్లు పీరుకు దట్టి కడతారు, అంటే మొక్కుబడి గుడ్డ. ఎత్తేవాళ్లు పీరును భుజానికెత్తుకుని గుండం చుట్టూ ఆడతారు. చూసుకునే ముజావరు సాయబు. ఎత్తేవాళ్లలో నూటికి తొంభై మంది బొట్టు పెట్టుకునేవాళ్లే. డప్పు కొట్టేవాళ్లు వేరు, బెల్లం శర్బతు కలిపేవాళ్లు వేరు. ఇదేమిటని అడిగిన మనిషిని నేను చూడలేదు. నేను కూడా అల్లుడిగా వెళ్లినప్పుడు ప్రసాదంగా పెట్టే మలీద ముద్దల మీద పెట్టిన దృష్టి మత సామరస్యం మీద పెట్టలేదు.

కిందటేడు అక్కడ పని దగ్గర క్రేన్ తీగ తెగి, బామ్మర్ది వెంట్రుకవాసిలో బయటపడ్డాడు. ఆ వార్త విన్న రోజే మా ఆవిడ మొక్కుకుంది: తమ్ముడు సెలవు మీద వస్తే వాడి చేత పీరు ఎత్తిస్తానని, దట్టి కడతానని. అనుకున్నట్టే పండుగకు వచ్చాడు. ఎత్తాడు. ఆడాడు. ఏడ్చాడు కూడా. ఫోన్‌లో తీసింది నేనే. సెలవైపోయి తిరిగి పోయాడు.

ఇక అక్కడ జరిగిన సంగతి. అతని గదిలోనే ఉండే జగిత్యాల మనిషి ఆ సాయంత్రం ఫోన్లో చెప్పాడు. స్పీకర్ పెట్టి ఇద్దరం విన్నాం.

"సారూ, మీ బామ్మర్ది తప్పేం లేదు. మా సూపర్‌వైజర్ గాడి పెద్దాయన, మంచోడు. మనం ఒక్క సలాం గొడితే రెండు సలాములు కొడ్తడు. సెలవు ఎట్ల గడిచిందని ఆయననే అడిగిండు. ఈయన కుషీల ఫోన్ దీసి, 'సార్, మీ పండుగను మా ఊర్లె మేం గిట్ల జేస్తం' అని సూపెట్టిండు."

"సూపెడితే?"

"ఆయన మొఖం సూసి నాకే భయమైంది సారూ. ఫోన్ గుంజుకొని పోయిండు. సుట్టున్నోళ్లు సూసిండ్రు. ఒగడు ఒర్రిండు, ఇంకొగడు ఒర్రిండు. పొద్దుగూకంగ పోలీసులొచ్చిండ్రు. మా పెద్దోళ్ల పేర్లు దీసి ఎగతాళి జేసిండు అని రాసిచ్చిండ్రట."

మా ఆవిడ నా వైపు చూసింది. "ఎగతాళా?" అంది, ఆ మాట మొదటిసారి విన్నట్టు.

బామ్మర్ది చూపించింది నేను తీసిన వీడియో అంతా కాదు. వాట్సాప్ స్టేటస్‌కు పట్టాలని ముందూ వెనకా కోసేశాడు. ముందున్నది సాయబు, వెనకున్నది సాయబు. మధ్యలో మిగిలింది మా బామ్మర్ది ఒక్కడు. నుదుటన బొట్టు, మెడలో బంతిపూల దండ, భుజం మీద పీరు. పక్కన మంట, చుట్టూ డప్పులు. ఆ పెద్దమనిషి ప్రాణంగా చూసుకునే పేర్లను గట్టిగా అరుస్తూ ఎగురుతున్న ఒక పరాయి మనిషి.

అన్నిటికన్నా ముఖ్యం, ఆ వారం. మన దగ్గర ఎవరో ఒకరు టీవీ చర్చలో కూర్చుని వాళ్ల మతాన్ని నోటికొచ్చినట్టు తిట్టారు. ఆ ముక్క సముద్రం దాటి అక్కడ ప్రతి ఫోన్లోకీ చేరింది. మేం ఇక్కడ ఆ చర్చ వస్తుంటే చానల్ మార్చి వంటల కార్యక్రమం పెట్టుకున్నాం. మాకు అది చానల్ మార్చేంత సంగతి. వాళ్లకు కాదు. అంత మంటలో మా వాడు తన మంట తీసుకెళ్లి చూపించాడు.

"నేను మొక్కకపోతే ఆడు ఎత్తకపోవు" అంది మా ఆవిడ. ఆ తర్వాత అన్నం తినలేదు. తమ్ముడు సల్లగుండాలని కట్టిన దట్టే వాడి చేతికి బేడీ అయిందని ఆమె ఇంకేమీ అనకుండానే తెలుస్తోంది. ఆమె కంచం మీద మూత పెట్టి పక్కకు జరిపాను.

మర్నాడు ఎంబసీకి ఫోన్ చేశాను. 'ఎంబసీ' అనే మాటను ఇన్నేళ్లుగా బోర్డు మీద రాసినవాణ్ని, నంబరు రెండుసార్లు తప్పు కొట్టాను. నా హిందీ కరీంనగర్ హిందీ, అందులో హిందీ తక్కువ, ధైర్యం ఎక్కువ. అవతల ఎత్తింది ఒక అధికారిణి. ఆమె హిందీ కూడా ఏదో దూరపు యాసలో, ఆగి ఆగి వస్తోంది. సంగతంతా విన్నది.

"సార్, ఈ వారం నేను సరిగ్గా నిద్రపోలేదు. టీవీలో ఎవరో అన్న మాటకు ఇక్కడి ప్రభుత్వం వాళ్లు మమ్మల్ని పిలిపించారు. అది మా దేశం మాట కాదని చెప్పాం. 'సరే, మరి మీ దేశం మాట ఏది?' అని అడిగారు. ఇంతలో మీ వాడి కేసు."

నేను చెప్పే పాఠంలో విదేశాంగ విధానం ఢిల్లీలో పుడుతుంది. మంచి దుస్తులు వేసుకున్నవాళ్లు పొడవాటి బల్ల చుట్టూ కూర్చుని దాన్ని కంటారు. చొప్పదండి దగ్గర గుండంలో వేసిన కట్టె పొగ ఆ బల్ల దాకా పోతుందని నా రెండు వాక్యాల్లో లేదు.

"కోసిన ముక్క కాదు, వీడియో మొత్తం ఉందా?" అని అడిగింది ఆమె.

"ఉంది. నేనే తీశాను."

"ఆ పండుగ జరిపించే పెద్దాయన ఉన్నారా? ఫిర్యాదు ఇచ్చినాయనతో నేను మాట్లాడతాను. ఆయన ఒప్పుకుంటే, అందరం ఒకసారి వీడియో కాల్‌లో కూర్చుందాం. ఆయన ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే మీ వాడు బయటికి వస్తాడు. లేదంటే కోర్టు. అప్పుడు నా చేతిలో ఏమీ ఉండదు."

మేం ఊరికి పోయేసరికి సాయబు కొట్టం ముందే ఉన్నాడు. తెల్ల గడ్డం, గళ్ల లుంగీ. పండుగ లేని రోజుల్లో ఆయన పరుపులు కుడతాడు. మమ్మల్ని చూసి లేచాడు గాని ఎప్పటిలా ఎదురు రాలేదు.

"కాకా, నీతోని పని పడ్డది" అంది మా ఆవిడ.

"ఇన్న బిడ్డా. పొద్దుగాల్నే ఇన్న." ఆయన మాకేసి చూడటం లేదు. "నా పోరడు ఫోన్ జేసిండు. ఆడు గూడ గాడ్నే గదా ఉండేది. 'అబ్బా, నువ్వు గా లొల్లిల పడకు, నీ మొఖం కనవడితే రేపు నన్ను అడుగుతరు' అన్నడు. ఆనికి మొదట్నుంచే గీ పండుగ నచ్చదు. గాడికి పోయినంక ఇంకింత నచ్చకుంటైంది."

నేను నిర్ఘాంతపోయాను. ఈయనే రాకపోతే ఇంకెవరున్నారు? నా గొంతులో పంతులు లేచాడు. "సాయబూ, రాజ్యాంగంల మనకు..." అని మొదలుపెట్టాను.

"సారూ, జర ఊకో" అన్నాడాయన, మెత్తగానే.

మా ఆవిడ నన్ను దాటి ముందుకు వచ్చింది. "నీ ఇష్టం కాకా. నీకు కొడుకెట్లనో నాకు తమ్ముడట్ల. నీ కొడుకు కొలువు పోవాల్నని నేను మొక్కుతనా?" అని కొట్టం మెట్టు మీద కూర్చుంది. బతిమాలలేదు, ఏడవలేదు. ఆమె అట్లా మాట్లాడకుండా కూర్చోవడం మా పెళ్లయ్యాక నేను చూడలేదు. నా భయం రెట్టింపైంది.

సాయబు లోపలికి పోయాడు. చాలాసేపు రాలేదు. రాడనే అనుకున్నాను. ఇంటి వెనక నీళ్లు పోసుకున్న చప్పుడైంది. వచ్చినప్పుడు ఉతికిన తెల్ల చొక్కా, టోపీ.

"ఆని భుజం మీద పీరు పెట్టింది ఎవ్వలు? నేను గాదా? తప్పయితే ఇద్దరం జేసినట్టే. పెట్టుండ్రి ఫోను."

ఫోన్‌ను నీళ్ల బిందెకు ఆనించి నిలబెట్టాం. తెర మీద మూడు గళ్లు. ఒకదాంట్లో మేం ముగ్గురం, ఒకరి మీద ఒకరం పడుతూ. రెండోదాంట్లో అధికారిణి. ఆమె ముఖం చూసి నేను మరోసారి తెల్లబోయాను. ఢిల్లీ అంటే నా మనసులో ఒక మొఖం ఉంది. అది కాదు ఇది. ఈశాన్య కొండల మనిషి ఆమె. మేం మొదలుపెట్టేలోగా మాటల్లో చెప్పింది: వాళ్ల ఊరి అవతలి కొండ పరాయి దేశమట, ఆమె మేనమామ ఆ దేశపు మనిషట, చిన్నప్పుడు సెలవులకు విదేశానికి నడిచిపోయేదట. "మా పండుగలు ఢిల్లీ వాళ్లకు చెప్పడమే నాకు కష్టం సార్. ఇప్పుడు మీ పండుగ వీళ్లకు చెప్పాలి" అని చిన్నగా నవ్వింది.

మూడో గడిలో సూపర్‌వైజర్. తెల్లటి పొడుగు అంగీ వేసుకున్న ముసలాయన. కోపంతో ఎర్రబడిన మొఖాన్ని ఊహించుకుని ఉన్నాను. ఎరుపు లేదు. అలసిపోయి ఉన్నాడు. ఆయన అన్న మొదటి మాటను అధికారిణి హిందీలో మాకు చెప్పింది.

"ఆ మనిషిని నేను సొంతవాడిగా చూశాను. నన్నెందుకు అవమానించాడు?"

కోపానికైతే సిద్ధమై వచ్చాను. బాధకు కాదు. అయినా ఊరుకుంటానా? గొంతు సవరించుకుని, "మన దేశంలో గంగా జమునా సంస్కృతి..." అని ఎత్తుకున్నాను.

"సార్," అని ఆపింది అధికారిణి, "ఆయనకు గంగ తెలీదు, జమున తెలీదు. వీడియో వేయండి."

ఇంకో ఫోన్‌లో వేసి, దీనికి ఎదురుగా పట్టుకున్నాను. బామ్మర్ది చెప్పులు విడిచాడు. కాళ్లూ చేతులూ కడుక్కున్నాడు. సాయబు ఊదు పొగ వేసి, నెమలీకల కట్టతో అతని నెత్తి మీద తట్టి, ఏదో చదివి, పీరును భుజానికి అందించాడు. బామ్మర్ది దాన్ని కళ్లకద్దుకుని అందుకున్నాడు. దట్టి కడుతున్న మా ఆవిడ గాజుల చేయి ఒకటి అడ్డొచ్చింది. డప్పులు ఇంకా మొదలుకాలేదు. ఆ నిశ్శబ్దంలో ఆడగొంతు ఒకటి వినిపించింది.

"ఆమె ఎవరు? ఏమంటోంది?" అని అడిగించాడు పెద్దాయన.

నేను అప్పటిదాకా ఆ మాటలు విననేలేదు. తీసేటప్పుడు నా ధ్యాసంతా అతని మొఖం తెరలో ఇరుకుతుందా లేదా అనే. ఇప్పుడు విన్నాను.

"మా తమ్మున్ని సల్లగ సూడు తండ్రీ. ఆనికి పనిచ్చినోళ్లను సల్లగ సూడు. ఆళ్ల పిల్లజెల్లను సల్లగ సూడు."

నేను హిందీలో చెప్పాను, అధికారిణి ఆయన భాషలో చెప్పింది. తెలుగు మొక్కు ఒకటి ఇన్ని భాషలు మారి అక్కడికి చేరేసరికి ఎంత మిగిలిందో నాకు తెలియదు. ఆయన మాత్రం కుర్చీలో ముందుకు వంగాడు.

వీడియోలో ఆడగొంతు ఆగలేదు. ఈసారి స్వరం మారింది.

"తర్వాత ఏమంది?" అని అడిగింది అధికారిణి.

నేను నీళ్లు నమిలాను.

"సార్, ఏదీ దాచకండి. ప్రతి మాటా కావాలి."

"అది... 'ఓ మనిషీ, నా మొఖం గాదు, గా పీరును తియ్యి. గింత సదివినవు, ఫోను పట్టరాదా' అంటోంది. నన్ను."

అధికారిణి పెదవి కొరుక్కుంటూ అనువాదం చేసింది. పెద్దాయన మొదటిసారి మా ఆవిడ వైపు, తర్వాత నా వైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. పెళ్లయిన మగవాళ్లు ఏ దేశంలోనైనా ఒకరినొకరు చూసుకునే చూపు అది. ఆయన మీసం కదిలింది. మళ్లీ వేయమన్నాడు. నేను తిట్టు తినడం మళ్లీ అంతర్జాతీయ స్థాయిలో జరిగింది.

తర్వాత ఆయన సాయబును అడిగాడు, పని దగ్గర నేర్చుకున్న నాలుగు ముక్కల ఉర్దూలో, సూటిగా. "నువ్వు మా మతం వాడివేనా? అయితే ఇదెందుకు చేస్తున్నావు?"

సాయబు టోపీ సవరించుకున్నాడు. జన్మలో ఆయన్ను ఆ ప్రశ్న అడిగిన మనిషి లేడు. అడిగిన కొడుకు ఉన్నాడు గాని, కొడుకును కసరవచ్చు. తన దక్కనీ మాటల్లో చెప్పాడు: "మా అబ్బ చేసిండు, ఆయన అబ్బ చేసిండు. ఇది మంచో చెడో చెప్పడానికి నేను మతం చదివిన ఆలిమ్‌ను కాదు, పరుపులు కుట్టేవాణ్ని. ఒక్కటి తెలుసు. వీళ్లు ఎన్నడూ చెప్పులతోని ఈ మెట్టు ఎక్కలేదు."

అధికారిణి దాన్ని ఆయన భాషలో చెప్పింది. మా ఆవిడ నా మోచేయి గట్టిగా పట్టుకుంది.

పెద్దాయన మెల్లగా మాట్లాడాడు. అధికారిణి ఒక్కో మాటా చెప్పింది: "మా దగ్గర ఇది లేదు. నాకు నచ్చలేదు. నచ్చిందని అబద్ధం చెప్పను. కానీ ఆ మనిషి వెక్కిరించలేదు. అది పోలీసులకు చెప్తాను."

కాల్ అయిపోయింది. నేను ఫోన్ తీసి జేబులో వేసుకున్నాను. మా ఆవిడ మాత్రం అట్లాగే చూస్తోంది.

"నచ్చలేదన్నడా?"

"ఇడిసిపెడ్తరు, గది సూడు."

"గది సరే. నచ్చలేదంటడేంది? మనం ఆయన పండుగే గద జేసేది!"

అరెస్టు వార్త కంటే ఆ మాటే ఆమెను ఎక్కువ కొట్టింది. సాయబు కూడా నేల చూపులు చూస్తూ బిందెను లోపలికి తీసుకుపోయాడు. మేమంతా ఇన్నాళ్లూ అనుకున్నది ఒక్కటే: అవతలి వాళ్ల పండుగను మనం చేస్తే అవతలి వాళ్లు సంతోషిస్తారని. ఇది మా పండుగ. మా సాయబుది, మా డప్పుది, మా బెల్లం శర్బతుది. ఇక్కడ తప్ప ఇంకెక్కడా దీనికి అర్థం లేదు. అర్థం కాలేదని ఆయన మీద నేరం మోపలేం.

కొద్ది రోజులకు బామ్మర్ది బయటికి వచ్చాడు. ఫోన్లో అక్కతో ఒక్క మాట కూడా సరిగ్గా మాట్లాడలేకపోయాడు, ముక్కు చీదుడే. ఉద్యోగం ఉంది గాని క్రేన్ మీద నుంచి దించి సామాన్ల గోదాములో వేశారు. పెద్దాయన ఇప్పుడు అతని సలాముకు ఒక్క సలామే తిరిగి కొడుతున్నాడట. "ఒక్కటి జాల్తది బావా" అన్నాడు.

అధికారిణి తర్వాత ఒకసారి నాకు ఫోన్ చేసింది. ఆ వీడియో మొత్తం పంపగలరా అని అడిగింది.

"కేసు అయిపోయింది కదమ్మా?"

"అయిపోయింది. కానీ ఆ రోజు మమ్మల్ని పిలిచి, మీ దేశం మాట ఏదని అడిగారు కదా. నా దగ్గర చూపించడానికి ప్రకటనలున్నాయి, కాగితాలున్నాయి. మీ ఆవిడ గొంతు లాంటిది లేదు. అడక్కుండా చూపించను. ముందు ఆమెను అడగండి."

అడిగాను. మా ఆవిడ చాలాసేపు ఆలోచించింది. "నిన్ను తిట్టిన కాడ కోసెయ్యమను" అంది. కోస్తే ఏమవుతుందో చూశాం కదా, వద్దన్నాను. అట్లా నా పరువు దౌత్య కార్యాలయానికి చేరింది. దాన్ని ఎవరికి చూపించారో, అసలు చూపించారో లేదో నాకు తెలియదు.

కోచింగ్ సెంటర్‌లో వదిలేసిన చివరి అంశాన్ని మళ్లీ ఎత్తుకున్నాను. ఈసారి గంటసేపు చెప్పాను. పిల్లలు కళ్లార్పకుండా విన్నారు. చివర్లో ముందు వరుసలోని అమ్మాయి చేయి ఎత్తింది. "సర్, ఇది ఎన్ని మార్కులకు వస్తది?" ఆ షాకు నుంచి కూడా కోలుకున్నాను.

ఈ ఏడు పండుగకు బామ్మర్ది రాలేదు. వీడియో తీయొద్దన్నాడు. "ఫోన్ డప్పుల దగ్గర పెట్టుండ్రి బావా, చెవుతోని ఇంట" అన్నాడు. పెట్టాను. అవతల ఏ చప్పుడూ లేదు. ఉన్నాడో లేడో అనుకునేలోగా, "గా రెండో డప్పు వదులైంది, జర మంటకు కాపమను" అన్నాడు.

సాయబు పీరును నిలబెట్టాడు. ఆయన కొడుకు ఆ కాల్ తర్వాత చాలా నెలలు మాట్లాడలేదట, ఇప్పుడు పండుగ ఊసు ఎత్తకుండా మాట్లాడుతున్నాడట. మా ఆవిడ ముందుకు పోయి దట్టి కట్టింది. కొంగులోంచి రెండో గుడ్డ తీసింది. ఆకుపచ్చ పట్టుది, మొదటిదాని కంటే మంచిది.

"ఇదెవ్వలకు బిడ్డా?" అన్నాడు సాయబు.

"గా పెద్దమనిషికి. తమ్మున్ని ఇడిపిచ్చినాయనకు."

ఇంత జరిగాక మళ్లీ! "నీకేమన్న పిచ్చా? నచ్చలేదని మొఖం మీదనే చెప్పిండు గదా!" అన్నాను. చేతిలోని ఫోన్లోంచి బామ్మర్ది కేక: "అక్కా! వద్దే! నీ కాళ్లు మొక్కుతనే!"

ఆమె ముడి వేస్తూనే ఉంది. "ఆయనకు చెప్తేనే గద లొల్లి? చెప్పను. ఆయన పిల్లలు సల్లగుంటే ఆయనకేమన్న నష్టమా?"

సాయబు ఊదు డబ్బా చేతిలో పట్టుకుని ఆగాడు. మొక్కు చెప్పేటప్పుడు పేరు చెప్పాలి. "పేరేంది ఆయనది?"

అప్పుడు తెలిసింది, ఇన్ని నెలల్లో మేం ఆయన పేరే అడగలేదని. పీరుంది, పేరు లేదు. ఫోన్ వైపు చూశాం. బామ్మర్ది ఊపిరి వినిపిస్తోంది గాని మాట లేదు. చెప్తే ఎక్కడ ఏమవుతుందో అని భయం. డప్పులవాళ్లు కర్రలు ఎత్తి పట్టుకుని ఎదురుచూస్తున్నారు.

చాలాసేపటికి, ఎవరైనా వింటున్నారేమో అన్నట్టు, చిన్నగా చెప్పాడు.

సాయబు ఆ పేరును ఇంకా చిన్నగా పలికి, నిప్పుల మీద ఊదు వేశాడు.